తోటకు పోయిన సద్ది

మా నాయన ఊపిరి మామిడితోటలో బాగయింది. ఈ మాటకు ఎవరైనా నవ్వితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సిరిసిల్లలో రాత్రంతా మరమగ్గాల మధ్య నిలబడి నూలు దుమ్ము మింగిన మనిషి ఆయన. ఆయన దగ్గితే పక్కింటివాళ్లు తలుపు మూసుకునేవారు. జగిత్యాల డాక్టరు మందులు రాసి, "రోజూ పొద్దున చెట్ల కింద తిరుగు. లేకుంటే గీ మందులు ఉత్తయే" అన్నాడు.

ఊరి బయట దొర మామిడితోట ఉంది. అంతకుముందు అందులో రాలిన కాయ ఏరినా వీపు పగిలేది. నక్సలైట్ల భయానికి దొర పట్నం పారిపోయాక కాపలా లేకుండా పోయింది. నాయన రాత్రి పని దిగి నేరుగా అక్కడికే పోయేవాడు. ఆయనను చూసి అదే మగ్గాల షెడ్డులో పనిచేసే మరో నలుగురు కూడా రాసాగారు. కాసేపు నడిచి, చెట్టు కింద కలిసి తినేవారు. వారానికొక ఇంటి నుంచి అందరికీ సద్ది రావాలన్నది వాళ్లు పెట్టుకున్న పద్ధతి. ఎండాకాలం నాటికి నాయన ఎక్కడా ఆగకుండా ఇంటిదాకా నడిచి వస్తున్నాడు. పగలు దగ్గు లేకుండా నిద్రపోతుంటే, అమ్మకు నమ్మకం కుదరక ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

మా ఇంటి వంతు వచ్చిన వారం, ఒక పొద్దున నేను సద్ది తీసుకుని పోయేసరికి తోటలో నాయన చుట్టూ పోలీసులున్నారు. ఆ నలుగురూ ఇంకా రాలేదు. ఎస్సై నా చేతిలోని గిన్నె మూత తీశాడు.

"ఒక్కనికి గింత బువ్వా? అడివిల ఎంతమంది ఉన్నరు?"

"మా షెడ్డోళ్లకు సారూ. మంచి గాలికని వస్తం. అడుగుండ్రి, వాళ్లే చెప్తరు" అన్నాడు నాయన.

నాయనను స్టేషనుకు పట్టుకుపోయి, ఆ నలుగురినీ పిలిపించి అడిగారు. మా అమ్మ చేతి బువ్వ తిన్న నలుగురూ తలలు అడ్డంగా ఊపారు. "మేమెన్నడు గా తోటకే పోలె సారూ" అన్నాడు ఒకడు, నాయన ముఖం చూడకుండా. భయం అంటారు. భయమే. అయినా నేను వాళ్లను క్షమించలేదు, క్షమించను.

కొన్నాళ్లకు నాయనను వదిలారు. ఎక్కడెక్కడ కొట్టారో ఆయన చెప్పలేదు. పడుకునే తీరు చూసి అమ్మ తెలుసుకుంది.

తొలివానలప్పుడు, ఎవరూ దాక్కోకుండా తోట నరికేయమని వాడవాళ్లకు పోలీసుల హుకుం. మొదటి గొడ్డలి నాయన చేతికే ఇచ్చారు. ఆయన దగ్గినప్పుడల్లా ఎస్సై, "గాలి మంచిగస్తుందా?" అని అడిగేవాడు. పోలీసులు నవ్వేవారు. పక్క చెట్లు నరుకుతున్న ఆ నలుగురూ నవ్వారు.

కట్టెలు ఎవరికి చిక్కినవి వాళ్లు మోసుకుపొమ్మన్నారు. వాడంతా ఎగబడింది. మేమూ తెచ్చుకున్నాం, పొయ్యి వెలగాలి కదా. ఆ పచ్చికట్టె పొగకు నాయన దగ్గు ఇక ఆగలేదు. అమ్మ పొయ్యి ఊదుతూ, "జర ఓర్సుకో. ఎండితే పొగ రాదు" అనేది.

కట్టెలు ఎండేదాకా నాయన ఉండలేదు.