మా బావగారు జర్మనీని పొగిడిన శుక్రవారం

మా బావగారి మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు నేను సౌదీలోని అల్ ఖోబర్‌లో, అజీజియా పేటలో ఉండేవాణ్ణి. సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటులో ఇంజనీరుని. మా అక్కా, బావగారూ దేశానికి ఆ చివరున్న జిజాన్‌లో ఉండేవారు. ఆయన ఎముకల డాక్టరు. ఆయన్ని పనిలో పెట్టుకున్న కఫీల్ పరమ దుర్మార్గుడు. డ్యూటీ అయ్యాక తన బంధువులందరికీ ఆయన చేత ఊరికే వైద్యం చేయించేవాడు, ఇండియా వెళతానంటే పాస్‌పోర్టు ఇచ్చేవాడు కాదు. అక్కకి ఆ ఉక్కలో పలకరించే మనిషి లేదు. "ఎలాగైనా మమ్మల్ని నీ దగ్గరికి లాగెయ్యరా" అని ఫోనులో ఏడ్చేది.

మా ప్లాంటుకి సలహాదారుగా ఒక జర్మను పెద్దాయన ఉండేవాడు. నేనంటే ఆయనకి అభిమానం. ఖోబర్‌లో ఒక ఆస్పత్రి డైరెక్టరు ఆయనకి బాగా కావలసినవాడు. ఆయనొక మాట చెబితే బావగారికి అక్కడ ఉద్యోగం ఖాయం, కఫీల్ దగ్గర రిలీజ్, అంటే వదిలిపెడుతున్నానని రాసిచ్చే కాగితం సంగతి ఆస్పత్రివాళ్ళే చూసుకుంటారు. అందుకే, సెలవురోజు కదా అని, ఒక శుక్రవారం ఆయన్ని భోజనానికి పిలిచాను. అక్కా, బావగారూ సెలవు బతిమాలుకుని జిజాన్ నుంచి వచ్చారు. అక్క పొద్దున్నించీ వంటింట్లోనే ఉంది. పెద్దాయన చెంచా వద్దని పులిహోర చేత్తో తింటుంటే మురిసిపోయింది.

ఇరాక్ మీద యుద్ధం జరిగిన ఏడాది అది. టీవీలో ఎవరో అమెరికా అధికారి, రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో నిలబెట్టినట్టే బాగ్దాదులోనూ ప్రజాస్వామ్యాన్ని నిలబెడతామంటున్నాడు. పెద్దాయన విని ఊరుకున్నాడు. బావగారు ఊరుకోలేదు. జర్మనుకి జర్మనీని పొగిడితే చాలనుకున్నాడు.

"సర్, వాళ్ళకి డెమోక్రసీ ఎందుకు? మీ లీడర్ లాంటి స్ట్రాంగ్ మ్యాన్ కావాలి. మా ఇండియాకీ అలాంటోడే కావాలి. వాట్ ఎ డిసిప్లిన్!"

ఏ లీడరో చెప్పక్కర్లేదు. ఆ పేరు రాయడానికి నాకు రోత. మనవాళ్ళలో చదువుకున్నవాళ్ళకి ఇదొక తెగులు. రైలు ఆలస్యమైతే ఆ నియంత గుర్తొస్తాడు, క్యూలో ఎవడైనా తోసుకొస్తే గుర్తొస్తాడు. వాడు చంపించిన జనం మాత్రం గుర్తురారు. ఆ మాట ఒక జర్మను మొహం మీదే, అదీ మెచ్చుకోలుగా అనడం చూసి, బల్ల కింద బావగారి కాలు తొక్కాను.

"ఏంటోయ్ బావమరిదీ, కాలు తొక్కుతావ్?" అని పైకే అనేశాడు.

పెద్దాయన తినడం ఆపాడు. కోప్పడలేదు. తన చిన్నప్పటి సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.

వాళ్ళ నాన్న అచ్చాఫీసులో కంపోజిటరు. నియంత వచ్చి నిషేధించిన పార్టీలో మనిషి. అదే వీధిలో బట్టల కొట్టాయన పట్టిస్తే, యుద్ధం ముగిసేదాకా జైల్లో మగ్గాడు. గెలిచిన సైన్యాలు ఊరూరా మళ్ళీ పార్టీలు పెట్టుకోనిచ్చాక, మిగిలినవాళ్ళంతా అద్దాలు పగిలిన ఒక బడిగదిలో చేరారు. పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చుని, చేతులెత్తి నాయకుణ్ణి ఎన్నుకున్నారు. తర్వాత ఎన్నికలొచ్చాయి, నాన్న పురపాలక సభకి నెగ్గాడు. మొదటి సమావేశానికి వెళితే ఎదురుగా బట్టల కొట్టాయన! వేరే కొత్త పార్టీ తరఫున నెగ్గి వచ్చాడు. నియంత మనుషుల మీద జరిగిన విచారణలో, ఎవరికీ కీడు చెయ్యలేదని ఊరి పెద్దమనుషుల చేత చెప్పించుకుని శుభ్రంగా బయటపడ్డాడు.

"మీ నాన్నగారు లేచి వచ్చేశారా?" అని నేనే అడిగాను.

"లేదు. చలికాలం వస్తోంది, ఊరికి బొగ్గు కావాలి. ఆ తీర్మానానికి వాడి ఓటూ కావాలి. అందుకని కూర్చున్నాడు. ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. మీరనే క్రమశిక్షణ ఏమిటో నాకు తెలియదు డాక్టర్. నేను చూసిన క్రమశిక్షణ అదొక్కటే."

"వెరీ ఇంట్రస్టింగ్ సర్" అంటూ బావగారు పెరుగు వడ్డించుకున్నాడు. ఆ క్షణాన ఆయన నాకు పురుగులా కనిపించాడు.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. పెద్దాయన వెళ్ళగానే "అయిపోయిందిరా. ఇంక నా బతుకు జిజాన్‌లోనే" అంది.

కానీ కొన్నాళ్ళకి పెద్దాయన ఆఫీసులో నా గదికి వచ్చాడు. "డైరెక్టరుతో మాట్లాడాను. ఉద్యోగం ఇస్తారు. మీ అక్కగారిని రమ్మను" అన్నాడు. సంతోషం పట్టలేక మళ్ళీ భోజనానికి పిలిచాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీ ఇంటికి ఎప్పుడైనా వస్తాను. అతను కూర్చున్న బల్ల దగ్గరికి మాత్రం రాను."

అక్క ఖోబర్ వచ్చేసింది. ఇక ప్రతి శుక్రవారం వాళ్ళు మా ఇంట్లోనే. పెద్దాయన మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆయన అన్న మాట అక్కకి ఒక్కదానికే చెప్పాను.

బావగారు మాత్రం తెలుగువాళ్ళు నలుగురు చేరితే చాలు, తన ఘనకార్యం మొదలుపెట్టేవాడు. "జర్మన్లని ఎలా పట్టాలో నాకు తెలుసండీ. వాళ్ళ మనిషిని ఒక్క ముక్క పొగిడాను, జాబ్ వచ్చేసింది!"

ఒకరోజు అక్క ఇంక ఓర్చుకోలేకపోయింది. "పొగిడినందుకు కాదండీ. మిమ్మల్ని చూసి అసహ్యించుకున్నాడు ఆయన. నా మొహం చూసి ఇప్పించాడు" అని అందరి ముందూ అనేసింది.

బావగారు ఒక్కడే నవ్వాడు.

"ఏదైతేనేం, పనయ్యిందిగా!" అని ఇంకో కాజా అందుకున్నాడు.