గీతలు కనిపించిన ట్యూబు

రిటైర్మెంటుకు నాలుగేళ్ళ ముందు, వానాకాలంలో, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరులోని ఒక ఆసుపత్రి ల్యాబుకు సీనియర్ టెక్నీషియన్‌గా బదిలీ మీద వచ్చాను. అప్పటికి ముప్పై ఏళ్ళ సర్వీసు. నా సంతకం ఉన్న రిపోర్టును డాక్టర్లు మళ్ళీ తరచి చూడరని కాస్త గర్వం కూడా ఉండేది.

చేరిన నెలలోనే దుర్గ అనే పంతొమ్మిదేళ్ళ అమ్మాయికి డాక్టరుగారు సికిల్ సెల్ పరీక్ష రాశారు. వాళ్ళది చింతలపూడి దగ్గర మెట్ట ఊరు. ఆమె కైకలూరులో రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసేది. రోజంతా చేతులు ఐసులోనే. ఒళ్ళంతా నొప్పులంటుంటే తల్లి వీరమ్మ తీసుకొచ్చింది.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల పూసల దండ. కొన్ని పూసలకు నీళ్ళంటే ఇష్టం, కొన్నింటికి పడదు. పడనివి లోపల దాక్కుంటాయి, ఇష్టమున్నవి పైన ఉంటాయి. దండ అలా ముడుచుకునే తన ఆకారం తెచ్చుకుంటుంది. సికిల్ సెల్ జబ్బులో, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ అయిన హిమోగ్లోబిన్ పైభాగాన నీటిని కోరే పూస ఒకటి పోయి, నీరు పడనిది వచ్చి కూర్చుంటుంది. ఆక్సిజన్ వదిలినప్పుడు అది పక్క హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది, పులుసు మీద నూనె చుక్కలు ఒకదాన్నొకటి చేరినట్టు. అవన్నీ కడ్డీలు కట్టి రక్తకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. చలి తగిలినా, ఒంట్లో నీరు తగ్గినా మరీ ప్రమాదం.

పరీక్ష తేలికే. ఆక్సిజన్‌ను లాగేసే ద్రావణంలో రక్తం కలిపి, ఐదు నిమిషాలాగి, ట్యూబు వెనక నల్లగీతల కార్డు పెట్టి చూడాలి. జబ్బుంటే ద్రావణం మబ్బుగా మారి గీతలు కనిపించవు. దుర్గ ట్యూబు లీలగా మసకబారింది కానీ గీతలు కనిపించాయి. 'నెగెటివ్' అని రాసి సంతకం పెట్టాను.

"ఏవండీ, పిల్లని మళ్ళీ ఐసు పనిలోకి పంపొచ్చాండీ?" అని వీరమ్మ అడిగింది. అది డాక్టరుగారు చెప్పాల్సిన మాట. "ఆ జబ్బు లేదమ్మా, భయం లేదు" అని నేనే చెప్పేశాను.

మళ్ళీ పనిలోకి వెళ్ళిన మూడు వారాలకు దుర్గను ఆయాసంతో తెచ్చారు. ఈసారి శాంపిల్ పెద్ద ల్యాబుకు వెళ్ళింది. మర్నాడే ఆమె చనిపోయింది. సికిల్ సెల్ అని రిపోర్టు ఆ తరువాత వచ్చింది, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు.

కూతురి మరణం కాగితాల కోసం వచ్చిన వీరమ్మను అప్పుడు అడిగాను, నా పరీక్షకు ముందు ఎక్కడైనా రక్తం ఎక్కించారా అని.

"తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో రెండు బాటిళ్ళు ఎక్కించారండీ. మీరడగలేదు కదండీ," అంది. కోపంగా అనలేదు. సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు.

అసలే పలచటి రక్తం, అందులో సగం దాతలది; జబ్బున్నా గీతలు దాచేంత మబ్బు పట్టదు. అలాంటప్పుడు ఈ పరీక్షను నమ్మకూడదని కొత్తవాళ్ళకు పాఠం చెప్పినవాణ్ణి నేనే. అడగడానికి అర నిమిషం చాలు. ట్యూబులో ఉన్నది ఎవరి రక్తమో తెలుసుకోకుండా రిపోర్టు మీద సంతకం పెట్టకూడదు.