ఇచ్చోడ బస్సులో వాపు పాఠం

పరిశోధనలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, లోకంలోని సగం రోగాలు నా కోసమే ఎదురుచూస్తున్నాయని నమ్మేవాణ్ణి. (మిగతా సగం మా గైడు సారు కోసం.) మన ఒంట్లోని కణాలు కంటికి కనిపించనంత చిన్న సంచులను బయటికి వదులుతుంటాయి. వాటిలో తోటి కణాలకు కబుర్లుంటాయి. కొన్ని సంచులు చేరితే రక్షణ కణాలు రెచ్చిపోయి వాపు తెస్తాయి, మరికొన్ని చేరితే చల్లబడతాయి. కీళ్లవాతంలో ఈ కబుర్లు ఎక్కడ చెడుతున్నాయో చూడటం నా పని. ఇచ్చోడ ఆసుపత్రిలో రోగుల రక్తం నుంచి వేరుచేసిన, ఆ సంచులుండే ప్లాస్మాను ఐసు డబ్బాలో సర్ది, దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కాను. "ఐసు కరిగిందో, ఇక నా ల్యాబుకు రాకు" అని సారు ముందే హెచ్చరించారు.

నిర్మల్ దాటాక బస్సు పంక్చరైంది. ఎండకు ఐసు కరుగుతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. పక్కసీటు ముసలమ్మ డబ్బా వంక చూసి, "చాపలా బిడ్డా?" అంది. కాదని ఊరుకోవచ్చుగా, పాఠం మొత్తం చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అంటే లొల్లి వెట్టే సంచులు వేరే, లొల్లి ఆపే సంచులు వేరే అన్నట్టు. గా ఆపేదొకటి నాకియ్యి, మా కోడలి చాయిల కలుపుత" అంది. వెనక సీట్లోంచి ఆ కోడలే లేచి, "నాకు రెండియ్యి తమ్మీ, అత్తకు ఒక్కటి సాలదు!" అంది. బస్సంతా విరగబడి నవ్వింది.

ముసలమ్మే నన్ను చెయ్యి పట్టుకుని రోడ్డవతలి చెరుకురసం బండి దగ్గరికి లాక్కెళ్లింది. సంగతి విని బండాయన రెండడుగులు వెనక్కి వేశాడు. "మనుషుల రక్తమా? ఎవలన్న సూస్తే నా గిరాకి పోతది!"

"నీ మోకాళ్లు నొస్తలేవా? రేపు మందు గీ పిలగాడే తెస్తడు" అని ముసలమ్మ గద్దించింది.

బండాయన మోకాలు తడుముకున్నాడు. రసంలోకి దంచిన అల్లం పక్కనున్న గోనెసంచి విప్పి, సగం ఐసుగడ్డ పగలగొట్టి డబ్బా నింపాడు. "ఎప్పటికి తెస్తవ్ తమ్మీ?"

"వచ్చే ఏడాదికల్లా" అన్నాను, డాక్టరు గొంతుతో.

ప్లాస్మా చెడకుండా చేరింది. సారు డబ్బా మూత తీసి, "ఈ అల్లం వాసనేమిటయ్యా?" అని మాత్రం అడిగారు.

చాలా ఏళ్లయింది. మందెప్పుడని ఎవరైనా అడిగితే, ఇంకా పరీక్షలు జరగాలని ఇప్పుడు ఆచితూచి చెబుతాను. అదే నిజం. కానీ ఎండలో నిలబడి అంత ధీమాగా గడువు పెట్టిన ఆ కుర్రాడి మీద నాకు కోపం రాదు. పాపం, వాడు నిజంగానే తెస్తాననుకున్నాడు.