అత్త గట్టున పెట్టిన ఒట్టు

మా మేనత్త పోయి నేటికి తొమ్మిది రోజులు. ఆమె ఆసుపత్రి ఫైలును ఏట్లో వదిలేసినవాడు మా నాన్న. మొదటి మాటలోనే ఇంటి పరువు తీస్తున్నానని మీరనుకోవచ్చు. అనుకోండి. పోయిన మనిషి పడుకున్న చాప, దిండు, కట్టిన చీరలు ఏటిపాలు చేయడం మా వాడుక. ఆ మూటలో ఆమె స్కానింగు కాగితాలు కూడా పెట్టి ముడి వేశాడు. మా ఇంట్లో బతికున్నవాళ్లందరికీ కావలసిన కాగితాలవి.

మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఇక్కడ కొత్త మాట కాదు. అత్త చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. జీడి నూనె తగిలి ఆమె వేళ్లు నల్లబడి, తోలు ఊడిపోయేది. అన్నం కలుపుకుంటే మంట. అందుకని బడి నుంచి వచ్చిన నా చేత కలిపించుకునేది. తింటూ తింటూ, "ఉప్పు సాలలేదురా. ఇలాగైతే నీ పెళ్లాం నిన్ను తంతాది" అనేది. ఆమెకు నేనంటే అంత ఇది. నా మీద అరవడానికి ఇంట్లో ఎవరికీ హక్కు లేదు, ఆమెకు తప్ప.

కాలేజీ మానేశాక నాకు కరపత్రాల పిచ్చి పట్టింది. దొరికినదల్లా చదివాను, తర్వాత నేనే రాయడం మొదలుపెట్టాను. మన నీళ్లే మనల్ని చంపుతున్నాయని అచ్చు వేయించి సంతల్లో పంచాను. అసలు కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు. నేను మాత్రం తేల్చేశాను. అప్పటికే అత్తకు డయాలసిస్ మొదలైంది. ఆ కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"నీళ్లయితే మీయమ్మకేదిరా ఈ రోగం? పాతికేళ్లనుంచి ఇదే బోరు నీళ్లు తాగుతున్నాది కదా."

"నీకు తెలీదులే అత్తా" అని ఒక గంట ఉపన్యాసం ఇచ్చాను. చివరిదాకా విని, "బాగా సెప్పినావురా" అంది. ఆమె నన్ను ప్రశ్న అడగడం లేదని, ఒక తలుపు తీస్తోందని ఆ రోజు నాకు తట్టలేదు.

పోవడానికి నాలుగు రోజుల ముందు తట్టింది. డయాలసిస్ చేయించుకుని ఆటోలో వస్తున్నాం. నా భుజం మీద తల వాల్చి చెప్పడం మొదలుపెట్టింది. రెండేళ్ల క్రితం విశాఖలో పెద్ద డాక్టరు స్కానింగు చూసి, కిడ్నీల నిండా నీటి బుడగలున్నాయని, ఇది వంశంలో దిగే జబ్బని అన్నాడట. తోడబుట్టినవాళ్లూ వాళ్ల పిల్లలూ చూపించుకోవాలని, ముందే తెలిస్తే బీపీ అదుపులో పెట్టి చాలా ఏళ్లు నెట్టుకురావచ్చని కూడా చెప్పాడట. పక్కనే మా నాన్న ఉన్నాడు.

"ఇంటికొచ్చినాక, నువ్వు మజ్జాన్నం పడుకునుంటే, నా సెయ్యి తీసి నీ నెత్తి మీద ఎట్టాడ్రా మీ నాన్న. ఎవుళికీ సెప్పనని ఒట్టెయ్యమన్నాడు. సెప్తే ఒట్టు తప్పి నువ్వు సస్తావని భయం. సెప్పకపోతే ఈ రోగంతో సస్తావని భయం. రెండేళ్లు ఆ రెంటి మజ్జన నలిగిపోనాను. ఈయేల ఆ ఒట్టు తీసి గట్టు మీద ఎట్టేసినాను. ఏటవుతాదో అది నాకే అవ్వనీ."

ఒట్టంటే ఆమెకు మాట కాదు, నా ప్రాణం. నా తల మీద పెట్టిన చెయ్యే ఆ కాగితాలు నా చేతికి అందకుండా చేసింది.

అత్త పోయిన మూడో రోజున నాన్నను అడిగాను, ఫైలేదని.

"ఏట్లో ఒగ్గీసినాను."

"ఎందుకు?"

"నీ సెల్లికి సంబంధం సూడాలా వద్దా? నీళ్ల జబ్బంటే ఊరందరికీ ఉన్నదే కదా అనుకుంతారు. వంశంలో ఉన్నాదంటే మన గుమ్మం తొక్కుతారేటి? అయినా నీళ్లేనని నువ్వే కదరా కాగితం అచ్చేయించినావు."

ఆయన అబద్ధానికి అచ్చు వేసిపెట్టింది నేనే.

గుమ్మంలోంచి చెల్లి అంది: "ఆళ్లు తొక్కకపోతే మానీ. నాను బతికుంటే సాలు."

"ఒట్టు తప్పింది, అందుకే పోనాది మీ యత్త" అన్నాడు నాన్న, ఎవరి వంకా చూడకుండా.

నేను వీరుణ్ని కాదు. ఈ తొమ్మిది రోజుల్లో రెండుసార్లు స్కానింగు సెంటరు మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. తెలియకపోతే ఇంకొన్నాళ్లు హాయిగా ఉండొచ్చని నాకూ అనిపిస్తోంది. కానీ మా నాన్న తండ్రికి కాళ్లు వాచి, నొక్కితే గుంట పడేదట; ఉబ్బురోగంతో పోయాడన్నారు, పెద్దత్త బాలింత వాతంతో పోయిందన్నారు. ఎవరి చావుకీ అసలు పేరు లేదు. పేరు పెట్టకుండా ఇంకెంతమందిని మోసుకెళ్దాం? అత్త ఎప్పుడూ అనేది, "సెప్పని నొప్పి కాలిలో ముల్లురా. పైకి కనపడదు, నడిసేవోడికే తెలుస్తాది" అని.

మా ఇంటిపేరు వాళ్లందరికీ, ఆడపడుచులకూ, వాళ్ల పిల్లలకూ ఇదే పిలుపు. రేపు పదో రోజు. ఎలాగూ అందరూ వస్తారు. ఏటి దగ్గర పని ముగించుకుని సరిగ్గా పదకొండు గంటలకు మా వాకిట్లో కూర్చోండి. భోజనాలు తర్వాత. మీ ఇంట్లో ఎవరు ఏ వయసులో పోయారో, పోయే ముందు ఒంట్లో ఏం కనిపించిందో గుర్తున్నంత చెప్పండి. చెల్లి రాసుకుంటుంది. మర్నాడు స్కానింగుకు వెళ్దాం. మొదట నేను పడుకుంటాను, బల్ల మీద.

నేనిది రాస్తుంటే మా నాన్న అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. చూసేవాళ్లెవరూ లేరనుకుని పంచె పైకి లాక్కుని, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి చూసుకుంటున్నాడు. వేలు తీశాడు. గుంట అలాగే ఉంది. దానివంకే చూస్తున్నాడు.