నూనె ట్యాంకులో చేతి గుర్తులు

మా ఆయనది శాండ్ బ్లాస్టింగ్ పని. ఇనుము మీది తుప్పునీ పాత రంగునీ ఇసుకతో కొట్టి వదిలించి, కొత్త రంగు వేయడం. పెళ్ళయిన కొత్తలో నేనూ ఆయన వెంట వెళ్ళేదాన్ని. ఇసుక జల్లించి ఎండబెట్టడం, గాలితో ఇసుకని చిమ్మే కంప్రెసరు చూసుకోవడం నా వంతు. వాడరేవు దగ్గర్లోనే ఉన్నా సముద్రపు ఇసుక జోలికి పోయేవాళ్ళం కాదు. ఉప్పు తగిలితే ఇనుము ఊరికే ఎర్రబడుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పర్చూరు వైపు మూతబడిన పత్తిగింజల నూనె మిల్లుని ఎవరో కొన్నారు. అక్కడి పెద్ద ట్యాంకుకి లోపలంతా రంగు వేసే పని మాకొచ్చింది. దానికి కింది భాగాన ఒకటే మ్యాన్‌హోల్, మనిషి పాకుతూ దూరేంత. ఆయన గాలి గొట్టం ఉన్న హెల్మెట్ పెట్టుకుని లోపలికి వెళ్ళేవారు. నేను బయట ఉండేదాన్ని.

ఇసుక కొట్టడం పూర్తయ్యేసరికి రేకు వెండిలా తెల్లబడింది. అలాంటి రేకుని ఉత్త చేత్తో తాకకూడదు. చెమట అంటిన చోట వేళ్ళతో సహా తుప్పు గుర్తు లేస్తుంది. ఆ పూటే మొదటి పూతగా ప్రైమరు వేయాల్సింది, కానీ ముసురు పట్టింది. మూత బోల్టులు బిగించి ఇంటికి వెళ్ళిపోయాం.

మర్నాడు ఎండ కాసింది. లోపలికి దూరిన మనిషి వెంటనే తల బయటపెట్టారు.

"ఏమే, నువ్వేమైనా లోపలికొచ్చావా?"

"నేనెందుకొస్తానండీ?"

"ఒకసారి వచ్చి చూడు."

టార్చిలైటు వెలుగులో గోడ మీద అరచేతులు. ఎర్రగా, వేళ్ళు విడివిడిగా. అవతలి వైపు మొదలై, చీకట్లో తడుముకుంటూ నడిచినట్టు గోడ వెంట మ్యాన్‌హోల్ వైపు వచ్చాయి. ఇంకో మూర దూరం ఉండగానే ఆగిపోయాయి. చివరిది కిందికి జారింది.

తాకకుండా ఒకదాని ఎదురుగా నా చెయ్యి పెట్టాను. వేలికి వేలు సరిపోయింది.

మేనేజరు వచ్చి చూసి, "ఆడమనిషిని లోపలికి పంపింది కాక కథలు చెబుతున్నావా? మళ్ళీ కొట్టు," అన్నాడు.

మా ఆయన మళ్ళీ కొట్టారు. గుర్తులన్నీ పోయాయి. మధ్యాహ్నం మ్యాన్‌హోల్‌కి ఎదురుగానే కూర్చుని అన్నం తిన్నాం. ఎవరూ లోపలికి పోలేదు. తిని వెళ్ళి చూస్తే మళ్ళీ ఉన్నాయి, అవే చోట్ల.

మిల్లు పాత వాచ్‌మన్, ముసలాయన, మా మొహాలు చూసి దగ్గరికొచ్చాడు.

"అడుగున మడ్డి ఎత్తడానికి ఇదివరకు ఆడకూలీలనే లోపలికి పంపేవాళ్ళమ్మా. ఆ సందులో వాళ్ళయితేనే పడతారని. ఒకమ్మాయి బయటికి రాలేదు. లోపల గాలాడలేదు."

"ఏ ఊరమ్మాయి తాతా?"

"కొత్తగా చేరింది. ఎవరూ అడగలేదు."

మా ఆయన సామాను సర్దడం మొదలుపెట్టారు. నాకు మాత్రం కదలబుద్ధి కాలేదు. భయం లేదని కాదు. మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి లైటు వేశాను.

"అమ్మాయ్, దారి ఇటే ఉంది. ఇటు రా."

ట్యాంకులో ఏ మాట అన్నా తిరిగి వినిపిస్తుంది. ఈసారి ఏమీ వినిపించలేదు. చాలాసేపటికి, మ్యాన్‌హోల్‌కి బాగా దగ్గర నుంచి, "రా" అన్న ముక్క ఒక్కటే వచ్చింది. నేను పక్కకి జరిగాను. చల్లటి గాలి, పాతబడ్డ నూనె వాసనతో, నా చెంపని ఒరుసుకుంటూ పోయింది. అప్పటికి కంప్రెసరు ఆపేసి ఉంది.

"ఇప్పుడు వెయ్యండి," అన్నాను.

ఆయన నా వైపు ఒకలా చూశారు. ఆ చోట్ల మాత్రం ఇసుక కొట్టి, ఆ వెంటనే ప్రైమరు వేశారు. మర్నాడు ఒక్క గుర్తూ లేవలేదు.

పాత రేకు గుంటల్లో ఉప్పు మిగిలి ఉంటుంది, అదే పైకొచ్చింది అంటారాయన ఇప్పటికీ. నేను కాదనను. ఆ ఏడాదే ట్యాంకు పనులు మానేసి, మార్టూరు దగ్గర గ్రానైటు మిషన్లకు రంగులు వేసే పనిలో పడ్డాం. ఆరుబయట, నాలుగు వైపులా గాలి తగిలే చోట.