గంగులప్ప తలపాగా

బెంగళూరులోని ఒక టీకామందుల ప్రయోగశాలలో గినీపందులను సాకే గంగులప్ప, పదకొండేళ్లలో ఒక్కనాడూ డాక్టరుగారి ఎదుట తలపాగా లేకుండా నిలబడలేదు. పంజరం తెరిచేముందు రెండు చేతులూ బూడిదతో తోముకుంటాడు. క్యాబేజీ ఆకును తన చెంపకు ఆనించి, తడి లేదని తేలాకే లోపల పెడతాడు. 1943 వానాకాలంలో ఏడో పంజరంలోని మగది, తోడుగా ఉన్నది చచ్చిపోయాక, మేత ముట్టడం మానేసింది. శనివారం తూకంలో ఆరువందల గ్రాములకు తగ్గితే దానిని చంపివేయక తప్పదని డాక్టరు రాఘవాచారిగారు చెప్పారు. ఆడవాటిని సంతానం కోసం వేరుగా ఉంచారు. మంగళవారం తోడుకని జతచేసిన మరో పెద్ద మగది దీని చెవి కొరికింది. "ఈ వయసులో కొట్లాటేందప్పా మీకు?" అంటూ గంగులప్ప వాటిని విడదీసి, ఈసారి ఆరు వారాల మగపిల్లను ఎంచుకున్నాడు. పరాయి వాసనే పగకు మూలమని అతని నమ్మకం. అందుకే తలపాగా విప్పి, రెండింటినీ అందులో చుట్టి, గంటసేపు ఒడిలో పెట్టుకున్నాడు. ఆపైన ఆ గుడ్డనే పంజరంలో పరిచాడు. పిల్ల ఆకు నమలడం మొదలుపెట్టగానే, మేత మానేసిన మగది వచ్చి రెండో కొస అందుకుంది.

శనివారం త్రాసు ఆరువందల పన్నెండు చూపింది. డాక్టరుగారు తలెత్తి, గంగులప్ప బట్టతలను మొదటిసారి చూశారు.

"తలపాగా ఏదయ్యా?"

"అన్నదమ్ములు దానిమింద పండుకోని ఉండారు సామీ. లేపేదానికి మనసొప్పలే."

డాక్టరుగారు బరువు రాసుకున్నారు. తన నల్లటోపీ తీసి బల్లమీద పెట్టి, ఎనిమిదో పంజరం తెమ్మన్నారు.