బ్యాటరీకి కట్టిన పసుపుదారాలు

1946. తిరుపతిలో అలిపిరికి పోయే దారి పక్కన ఒక రేకుల షెడ్డులో నేను మోటారు మెకానిక్‌గా పనిచేస్తున్నాను. యుద్ధం అయిపోయినా కొత్త సామాన్లు దొరికేవి కావు. ఉన్నదాన్నే గీకి, బిగించి, బతిమాలి నడిపించాలి. బతిమాలడం నాకు చేతకాదు. నా కోపం ముక్కు మీదే ఉంటుందని షెడ్డులో అందరికీ తెలుసు.

ఒకరోజు పొద్దున్నే రాజమ్మ అనే ఆమె బస్సును జనం తోసుకుంటూ తెచ్చారు, వెనకే ఆమె నడిచొచ్చింది. తిరుపతి నుంచి వడమాలపేట మీదుగా పుత్తూరుకు తిరిగే బస్సు అది. భర్త పోయాక ఆమె ఆ ఒక్క బస్సు మీదే సంసారం ఈదుతోంది. అది కాస్త నెమ్మదించిన చోటల్లా ఇంజను ఆగిపోయేది. అచ్చిరాని బండి అని జనం ఎక్కడం మానేశారు. ఆ సాయంత్రమే దాన్ని కొనుక్కుపోవడానికి చిత్తూరు నుంచి ఒక ఆసామి వస్తున్నాడు. బస్సు పోతే ఆమెకూ, డ్రైవరు మునెయ్యకూ నోటికాడ కూడు పోయినట్టే.

"కార్బురేటరు కడిగించినాను, ప్లగ్గులు మార్పించినాను. ఇంకేం చేయాల మేస్త్రీ?" అన్నాడు మునెయ్య.

"నోరు మూసుకోని సెల్ఫ్ నొక్కు" అన్నాను.

సెల్ఫ్ అంటే బ్యాటరీ కరెంటుతో ఇంజనును తిప్పే ఏర్పాటు. నొక్కితే టక్కుమని ఊరుకుంది. బ్యాటరీ కేబుల్ చివర ఉండే క్లాంపు మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. క్లాంపు బిగువుగా ఉంటే అలా కాలదు, కరెంటుకు దారి ఇరుకైతేనే వేడెక్కుతుంది. స్పానరు వేసి క్లాంపు లేపాను.

కింద టెర్మినల్ ఉంటుంది, బ్యాటరీ మీద పైకి పొడుచుకొచ్చే సీసపు మొలక. దాని చుట్టూ పసుపుదారాలు, ఒకదాని మీద ఒకటి, కుంకుమతో గట్టిపడి ఉన్నాయి. క్లాంపు సీసాన్ని వదిలేసి దారాలను పట్టుకుని వేలాడుతోంది.

నాకు ఒళ్లు మండింది. "ఎవుడ్రా ఈ పని చేసినోడు?" అని అరిచాను.

మునెయ్య తల వంచుకున్నాడు. రాజమ్మే ముందుకొచ్చింది.

"నేనే కట్టించినాను మేస్త్రీ. బండికి పానం ఈ బ్యాటరీలోనే ఉండాదని మునెయ్య చెప్పినాడు. మా ఆయన పానం నిలుపుకోలేకపోతిని. దీన్నన్నా నిలుపుకుందామని, ఆగినప్పుడల్లా మొక్కుకోని ఒక దారం కట్టిస్తి."

జరిగిందేమిటో నాకు అర్థమైంది. మొదట క్లాంపు కొంచెం వదులై ఉంటుంది, అంతే. బండి నెమ్మదిస్తే ఇంజనుకు బ్యాటరీ కరెంటే దిక్కు, అది అందక బండి ఆగింది, దారం కట్టారు. దారంతో ఇంకా వదులై మళ్లీ ఆగింది, మళ్లీ కట్టారు. పాపం, బండి బాగుండాలన్న ఆరాటమే బండిని ఆపుతోంది. ఆ మాట ఆమె ముఖాన ఎలా అనడం? తిట్లకు ఎప్పుడూ తడుముకోని నేను మాటల కోసం తడుముకున్నాను.

"మొక్కులో తప్పు లేదమ్మా, కట్టిన తావే సరిగా లేదు. ఈ సీసానికీ క్లాంపుకీ నడాన ఏదీ దూరకూడదు. బండి తోలేవాని చేతికి కట్టు తల్లీ."

"స్వామికి కోపం రాదు గదా?"

"నా అంత కోపిష్టి కాదులే ఆయన."

రాజమ్మ నవ్వేసింది. నాకు ప్రాణం కుదుటపడింది.

దారాలను కింద పడనీయకుండా ఊడదీసి, కాగితంలో చుట్టి ఆమెకిచ్చాను. టెర్మినల్‌నూ క్లాంపునూ చాకలిసోడా నీళ్లతో కడిగి, సీసం తెల్లగా మెరిసేదాకా గీకాను. సాగిపోయిన క్లాంపు నోరు కాస్త అరగదీసి బిగించాను. చేత్తో ఊపితే కదల్లేదు. పైన గ్రీజు పూశాను. మునెయ్య సెల్ఫ్ నొక్కగానే ఇంజను గుర్రుమంది. నెమ్మదిగా తోలించాను, ఆపించాను, మళ్లీ తోలించాను. ఇంజను ఆగలేదు. అది చూసి పుత్తూరు పోయేవాళ్లు కొందరు ఎక్కి కూర్చున్నారు.

చిత్తూరు ఆసామి వచ్చేసరికి మునెయ్య మణికట్టుకు కొత్త దారం ఉంది. రాజమ్మ బస్సు మెట్టు మీద నిలబడి ఉంది.

"బండి అమ్మేది లేదప్పా. పుత్తూరుకు పోవాల్నంటే ఎక్కు, సీటుండాది" అంది.

అప్పటి నుంచి ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తే ముందు, బండివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. తిడితే ఎవరైనా చేసింది దాచేస్తారు. ఆ రోజు నా అరుపుకు బెదిరి రాజమ్మ నోరు మెదపకుండా ఉంటే, నేను దారాలు పీకేసి క్లాంపు బిగించి పంపేవాణ్ణి, ఆమె భయంకొద్దీ మళ్లీ దారం కట్టించేది.